లేబుల్ లేని బకెట్

కొత్తగా ఉద్యోగాల్లో చేరినవాళ్ళకి ముందే ఒక మాట చెప్పేస్తాను. నేను మంచి పనిమంతురాలిని. ఇది నా గొప్ప కాదు, ప్రతి ఏడూ నా అప్రైజల్‌లో రాసిన మాట. ఏ సీసా ఏ అరలో ఉందో కళ్ళు మూసుకుని చెప్పేదాన్ని. లేబుల్ లేని డబ్బా నా గదిలో ఒక్క పూట నిలిచేది కాదు. నా సర్వీసు మొత్తంలో నేను చేసిన అతి పెద్ద తప్పు ఈ పనితనం వల్లే చేశాను. కాస్త బద్ధకస్తురాలినై ఉంటే ఆ తప్పు జరిగేది కాదు.

గుంటూరు దగ్గర ఒక జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పుకుంటున్నదాన్ని, మా ఆయన ఉద్యోగం వెంట టెక్సస్ వచ్చాను. డిపెండెంట్ వీసా మీద ఇంట్లో కూర్చున్న ఏళ్ళలో పోపుడబ్బాలోని గిన్నెలకి కూడా లేబుళ్ళు అంటించాను. గ్రీన్ కార్డ్ చేతికొచ్చిన నెలలోనే, ప్లేనోకి దగ్గర్లో ఒక కమ్యూనిటీ కాలేజీలో ల్యాబ్ టెక్నీషియన్ కావాలని చూసి అప్లై చేశాను. కెమిస్ట్రీ ల్యాబ్ అనుకున్నాను. ప్రకటన సరిగ్గా చదవని పాపానికి ఇంటర్వ్యూలో తెలిసింది, అది ఆర్ట్ డిపార్ట్‌మెంట్‌లో మట్టిపాత్రలు చేసే స్టూడియో అని. మట్టి కలపడం, పాత్రలకి పూసే గ్లేజులు తయారు చేయడం, బట్టీలు కాల్చడం ఆ ఉద్యోగం. గ్లేజు అంటే కాలిన తరవాత పాత్ర మీద గాజులా మెరిసే పూత. కాలక ముందు అది బకెట్లో బురదనీళ్ళలా ఉంటుంది. ఎలాగూ వచ్చాను కదా అని చేరిపోయాను, పన్నెండేళ్ళు అక్కడే చేశాను.

ఆ స్టూడియోలో పాఠం చెప్పేది ఒక థాయి ఆవిడ. పిల్లలందరూ ఆవిణ్ణి ఆజాన్ అని పిలిచేవారు. వాళ్ళ భాషలో గురువుగారని అర్థమట, నేనూ అలాగే పిలిచేదాన్ని. అరవై దాటిన మనిషి, బక్కగా, నా భుజం దాకా వచ్చేవారు. ఉత్తర థాయిలాండ్‌లో ఒక కొండ పక్క ఊళ్ళో పదిహేనో ఏట ఒక ముసలాయన దగ్గర పనికి చేరి, ఆకుపచ్చ గ్లేజు పాత్రలు చేయడం నేర్చుకున్నారు. తరవాత స్కాలర్‌షిప్ మీద అమెరికా వచ్చి, ఇక్కడే పెళ్ళి చేసుకుని, భర్త పోయాక కూడా ఇక్కడే ఉండిపోయారు.

ఆవిడ పాఠం చెప్పే పద్ధతి చూసి మొదట్లో నాకు నవ్వొచ్చేది. మొదటి రెండు వారాలు పిల్లల్ని చక్రం ముట్టుకోనిచ్చేవారు కాదు. మట్టి పిసకడమే పని. పాత్రని దాటి నడవకూడదు, పాత్ర వైపు కాళ్ళు చాపకూడదు. ప్రతి సెమిస్టర్ మొదట్లో ఒక గురువారం గురువుకి దండం పెట్టే రోజు. పిల్లలు గరిక, వంకాయ పువ్వు తెచ్చి గురువు ముందు పెట్టాలి. గరిక ఎంత తొక్కినా మళ్ళీ లేస్తుంది, వంకాయ పువ్వు తల వంచుకుని ఉంటుంది, విద్యార్థి అలా ఉండాలట. ఆ పిల్లలకి గరిక ఏదో తెలియదు. టెక్సస్‌లో ప్రతి ఇంటి లాన్‌లో ఉన్నది అదే గడ్డి అని చూపించింది నేనే. వంకాయ పువ్వులు మా పెరట్లోంచి వెళ్ళేవి. ఆ విధంగా నాకూ ఆ పూజలో ఒక వాటా ఉండేది.

ఇక మా ఇద్దరికీ పడని విషయం ఒక్కటే, ఆవిడ బకెట్. ఆవిడ బల్ల కింద మూత పెట్టిన ఒక తెల్ల ప్లాస్టిక్ బకెట్ ఉండేది. అందులో వాళ్ళ ఊరి ఆకుపచ్చ గ్లేజు. చెట్ల బూడిద, వరిమడి పైమట్టి, నీళ్ళు, అంతే దాని సరుకు. ఏ కాలంలోనో సూట్‌కేసులో ఒక సీసాడు తెచ్చుకున్నారు. వాడినప్పుడల్లా మూడో వంతు మిగిల్చి, దాని మీద ఇక్కడి సరుకు కొంచెం కొంచెం కలుపుతూ పెంచుకొచ్చారు. మనం పెరుగుకి తోడు మిగిల్చుకున్నట్టే. వాళ్ళ గురువుగారి బకెట్‌లోంచి ఈవిడ బకెట్‌లోకి, ఆయన గురువుగారి దాంట్లోంచి ఆయన దాంట్లోకి వచ్చిందని పిల్లలకి కథలా చెప్పేవారు. ఆ బకెట్ మీద పేరు లేదు, తేదీ లేదు, ఏం కలిసిందో రాసి లేదు. ఎన్నిసార్లు అడిగినా, "తోడు గిన్నె మీద పేరెవరు రాస్తారు చెల్లీ" అని నవ్వేసేవారు. మేం మాట్లాడుకున్నది ఇంగ్లీషే, ఆవిడ ఇంగ్లీషు ఒక రకం, నాది ఇంకో రకం. మధ్యలో నన్ను పిలిచే థాయి మాటకి మాత్రం చెల్లెలనే అర్థం.

ఆవిడ రిటైరయ్యే ఏడు వచ్చింది. అప్పటికి చేతులు వణకడం మొదలైంది. కప్పు కాఫీ రెండు చేతులా పట్టుకునేవారు. ఆ శీతాకాలం అంతా కూర్చుని, చివరి ప్రదర్శన కోసం మోకాలెత్తు కూజాలు తొమ్మిది చేశారు. మూతలు తామరమొగ్గల ఆకారం. చక్రం మీద చేతులు పెట్టాక వణుకు ఎటు పోయేదో, తీశాక మళ్ళీ వచ్చేది. తొమ్మిదోది దించాక, "ఇక పెద్దవి చేయలేను. చేతులు చెప్పేశాయి" అన్నారు. వాటిని ఒకసారి కాల్చి, గ్లేజు పూయడానికి సిద్ధంగా అరలో పెట్టాం. గ్లేజు పూసి రెండోసారి కాలిస్తే ఇక వెనక్కి తీసుకునేది లేదు. చెడితే చెడినట్టే. ఆవిడ మూడు వారాలకని వాళ్ళ ఊరు వెళ్ళారు.

ఆవిడ వెళ్ళిన రెండో రోజున సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ వస్తోందని డిపార్ట్‌మెంట్ హెడ్ ఈమెయిల్ పెట్టాడు. లేబుల్ లేని ఏ డబ్బా కనిపించినా విభాగానికి చెడ్డ మార్కు పడుతుంది. నాకు పండగ వచ్చినట్టయింది. పొద్దున్న ఏడింటికల్లా వెళ్ళి స్టూడియో అంతా తిరగేశాను. నేల కడగడం కోసం పిల్లలెవరో బల్లల కింద సామానంతా జరిపి పెట్టారు. పనికిరాని గ్లేజులు పోసే డ్రమ్ము పక్కన ఒక తెల్ల బకెట్ కనబడింది. లేబుల్ లేదు.

ఇక్కడ నిజం చెప్పాలి. అది ఆవిడదేమోనన్న అనుమానం నాకు రాకపోలేదు. మూత తీస్తే తెలిసేది. బల్ల కిందకి వంగి చూసినా తెలిసేది. కానీ పదిసార్లు చెప్పినా లేబుల్ వేయని మనిషి మీద కొంచెం కినుక ఉంది నాకు. నా పద్ధతి నాది అనుకున్నాను. మూత ఒక పక్కకి లాగి, అలాగే ఎత్తి డ్రమ్ములో పోసేశాను. తొమ్మిదింటికి లారీ వచ్చి డ్రమ్ము తీసుకుపోయింది. పదింటికి బకెట్ కడుగుతుంటే అడుగున బూడిదరంగు బురద, చిన్న బొగ్గుముక్క ఒకటి చేతికి తగిలాయి. కొన్న సరుకులో బొగ్గు ఉండదు. ఆ మిగిలిన చారెడు కూడా అప్పటికే నా చేత్తోనే సింకులోకి కడిగేశాను.

ఇన్‌స్పెక్టర్ వచ్చి, చూసి, ఇంత శుభ్రమైన స్టూడియో ఈ కాలేజీలో లేదని మెచ్చుకుని వెళ్ళాడు.

శనివారం ఉప్మా తింటూ మా ఆయనకి చెప్పాను. ఆయన సాఫ్ట్‌వేర్ మనిషి.

"డంప్ చేసేశావా? బ్యాకప్ లేదా?"

"బురదకి బ్యాకప్ ఏంటండీ."

"సరే, ఆవిడకి కాల్ చేసి చెప్పావా?"

"అదే రంగు తయారు చేసి, అప్పుడు చెప్దామని."

"అప్పుడు మాత్రం ఎందుకు చెప్తావ్? ప్రొడక్షన్‌లో బగ్ దాచినవాడెవడూ హాయిగా ఉండగా నేను చూళ్ళేదు. చెప్పెయ్."

"మీ ఆఫీస్ వేరు, మా స్టూడియో వేరు" అని కసిరాను. ఆయన మాట నిజమని తెలిసినప్పుడే ఎక్కువగా కసురుతుంటాను.

ఆ మూడు వారాలు నేను చదివిన కెమిస్ట్రీ పూర్తిగా పనికొచ్చిన రోజులు. ఆవిడ గ్లేజు పూసి కాల్చి గోడకి వేలాడదీసిన పాత మచ్చు బిళ్ళలు దించి, రంగు చూసి, లెక్క కట్టి, కొనుక్కొచ్చిన పొడులూ చిటికెడు ఐరన్ ఆక్సైడూ కలిపి పూసి కాల్చాను. నాలుగోసారి ఆకుపచ్చ వచ్చింది. దూరం నుంచి చూస్తే ఆవిడ ఆకుపచ్చే. దగ్గరికి తీసుకుంటే పెయింట్ షాపువాళ్ళిచ్చే కార్డు మీది రంగు. తప్పు పట్టడానికి ఏమీ లేదు, రెండోసారి చూడటానికీ ఏమీ లేదు. దాన్నే బకెట్‌కి సరిపడా కలిపాను. ఆ కడిగిన తెల్ల బకెట్‌లోనే పోసి, బల్ల కింద, పాత చోట్లోనే పెట్టాను. లేబుల్ వేయలేదు. జీవితంలో మొదటిసారి నేను లేబుల్ వేయని డబ్బా అది.

ఆవిడ సోమవారం పొద్దున్నే వచ్చారు. నాకొక చేతిసంచీ తెచ్చారు, నీలం అద్దకం. ఆప్రన్ కట్టుకుని, బకెట్ లాగి మూత తీశారు. చిక్కదనం కొలవడానికి నా దగ్గర పరికరం ఉంది, ఆవిడ ఎప్పుడూ వాడలేదు. మోచేతి దాకా చెయ్యి ముంచి అడుగు నుంచి కలిపేవారు. ఆ రోజూ అలాగే కలిపారు. తరవాత వేళ్ళ మధ్య రుద్దుకుంటూ చాలాసేపు కూర్చున్నారు. నా వైపు చూశారు. లేచి అరలోంచి మొదటి కూజా తీసుకున్నారు. రెండు చేతులూ వణుకుతున్నాయి. కూజాని బకెట్ మీదికి ఎత్తారు.

ఆ క్షణంలో నా ఉద్యోగం నాకు గుర్తు రాలేదు. శీతాకాలమంతా ఆవిడ వంగి కూర్చున్న వీపు గుర్తొచ్చింది.

"ఆజాన్, ఆగండి. అది మీది కాదు. నేను పారబోశాను. ఇది నేను చేసింది."

ఆవిడ కూజాని మెల్లగా బల్ల మీద పెట్టారు. నేను మొత్తం చెప్పాను, అనుమానం వచ్చినా మూత తీయలేదన్న ముక్కతో సహా. చెప్తూ ఏడ్చాను కూడా. యాభై దాటిన ఆడదాన్ని, కాలేజీ ఐడి కార్డు మెళ్ళో వేసుకుని వెక్కివెక్కి ఏడ్చాను. ఆవిడ చెయ్యి కడుక్కుని బయట బట్టీల దగ్గరకి వెళ్ళిపోయారు. పావుగంట అక్కడే నిలబడ్డారు. నేను డ్రాయరు తీసి నా సామాను సర్దుకోవడం మొదలుపెట్టాను.

తిరిగొచ్చి, "ఎన్నాళ్ళైంది?" అన్నారు.

"మూడు వారాలు."

"మూడు వారాలూ ఒక్కదానివే మోశావా?"

నేను తిట్లకి సిద్ధపడి ఉన్నాను గాని ఈ మాటకి కాదు. ఆవిడ నా డ్రాయరు మూసేసి, "ప్రదర్శనకి నెల ఉంది. బూడిద కావాలి, మట్టి కావాలి. ఏడవడానికి తరవాత టైమ్ చూద్దాం" అన్నారు.

వాళ్ళ ఊరి మట్టిని ఇప్పుడు ఏ విమానాశ్రయంలోనూ రానివ్వరు. ఇక్కడిదే కావాలి. మా ప్రాంతపు నేల నల్లరేగడి. ఎండాకాలం పగుళ్ళిస్తుంది, ఇళ్ళ పునాదులు కదులుతాయి, తలుపులు పట్టేస్తాయి. అందుకే ప్లేనోలో, ఫ్రిస్కోలో మనవాళ్ళు మొక్కలకి మరిచిపోయినా పునాదులకి మాత్రం తప్పకుండా నీళ్ళు పెడతారు. అన్నేళ్ళు నేను తిట్టుకున్న ఆ మట్టిని మా వంకాయ మొక్కల పక్కనే తవ్వి తీసుకెళ్ళాను. ఆవిడ నీళ్ళలో కలిపి వేళ్ళతో రుద్ది, "మంచి మట్టి. కోపం ఎక్కువ, అంతే" అన్నారు.

బూడిద కోసం ఒక బార్బెక్యూ హోటల్ వెనక్కి వెళ్ళాం. ఓక్ కట్టెల మీద పగలూ రాత్రీ మాంసం పొగబెట్టే చోటు. పుట్టి బుద్ధెరిగాక గుడ్డు కూడా ముట్టనిదాన్ని, ముక్కుకి చున్నీ కట్టుకుని రెండు డ్రమ్ముల బూడిద జల్లించుకున్నాను. ఎందుకని హోటలాయన అడిగితే, కుండలకి అన్నాను. ఏమర్థమైందో గాని టోపీ తీసి నవ్వి, వచ్చే వారం కూడా రమ్మన్నాడు.

నా లెక్కల కాగితం చింపేయబోతే ఆవిడ లాక్కున్నారు. "దీన్నెందుకు పారేస్తావు? నీకు పారేసే జబ్బు ఉంది" అన్నారు. అది మొదటి ఎగతాళి, విని నాకు ప్రాణం కుదుటపడింది. నేను కాగితం మీద పాళ్ళు చెప్పడం, ఆవిడ వేళ్ళతో చూసి కాదనడం, మళ్ళీ కలపడం. ఇరవై నాలుగు బిళ్ళలు చిన్న బట్టీలో కాల్చాం. పదిహేడోదాన్ని ఆవిడ కిటికీ దగ్గరకి తీసుకెళ్ళి అటూ ఇటూ తిప్పి, నా చేతిలో పెట్టి, వెళ్ళి టీ పెట్టుకున్నారు. తొమ్మిది కూజాలకీ అదే పూశాం.

బట్టీ వెలిగించే రోజు ఉదయం ఆవిడ బట్టీ ముందు చిన్న బల్ల వేసి, వాళ్ళ గురువుగారి ఫోటో పెట్టారు. గట్టి దవడల ముసలాయన, చొక్కా లేకుండా, కెమెరా వైపు చిరాగ్గా చూస్తున్నాడు. నేను తెచ్చిన గరిక, వంకాయ పువ్వులు ఫోటో ముందు పెట్టారు. నేల మీద కూర్చుని నన్నూ కూర్చోమన్నారు.

"నీకొకటి చెప్పాలి. పంతొమ్మిదో ఏట నేను ఈయన బకెట్ పారబోశాను. కడిగే బకెట్ అనుకున్నాను" అన్నారు.

నేను ఆవిడ వైపు తిరిగి కూర్చున్నాను.

"బయటి బురద తెచ్చి నింపి పెట్టాను. చెప్పలేదు. ఆయన చెయ్యి పెట్టి చూశారు. నన్ను చూశారు. ఆ తరవాత నలభై పాత్రలు అందులోనే ముంచారు. అన్నీ పేడరంగులో వచ్చాయి. ఒక్క మాట అనలేదు. మర్నాడు నా ఎదురుగానే కూర్చుని కొత్తది కలిపారు. నేను చెప్తానేమోనని చూశారనుకుంటాను. ఆయన పోయేదాకా చెప్పలేదు."

"మరి పిల్లలకి చెప్పే కథ? గురువు గురువు బకెట్ నుంచి వచ్చిందని?"

"ఏం చేస్తాను. నిజం మొదలుపెడితే ఇదంతా చెప్పాలి కదా."

"ఆ సోమవారం మీకు తెలిసిపోయిందా?"

"చెయ్యి పెట్టగానే."

"తెలిసీ ముంచబోయారా?"

"ముంచేదాన్నో లేదో నాకూ తెలీదు. చాలా నిదానంగా ఎత్తాను. నువ్వు మాట్లాడతావేమోనని."

తరవాత ఫోటో వైపు తిరిగి చేతులు జోడించి థాయిలో మాట్లాడటం మొదలుపెట్టారు. అది మంత్రం కాదని తెలుస్తూనే ఉంది. ఎవరికో జరిగింది జరిగినట్టు చెప్తున్న గొంతు. మధ్యలో ఒకసారి, నన్ను పిలిచే ఆ చెల్లెలనే మాట వినబడింది. చాలాసేపు చెప్పారు. చివర్లో నేలకి తల ఆనించి, లేచి, మోకాళ్ళు దులుపుకుని, "ఇక వెలిగించు" అన్నారు. ఆ మొహంలో అంత తేలికదనం నేను అంతకుముందు చూడలేదు. నాకూ ఛాతీ మీంచి ఒక బస్తా దించినట్టయింది.

రెండు రోజులు చల్లారనిచ్చి తలుపు తీశాం. ముందు వరసలో మూడు కూజాలు కనిపించాయి. నానిన పెసరపప్పు మీద పొట్టు రంగు, వంపుల్లో ఇంకాస్త ముదురు, తామరరేకుల అంచుల్లో దాదాపు తెలుపు. పాత ఆకుపచ్చ కాదు. ఆవిడ ఊరిదీ కాదు. ఆ మాట నేను బయటికి అనబోతే, "మా ఊళ్ళో ఇంత బాగా ఎప్పుడూ రాలేదు" అన్నారు. ఒక కూజాకి మాత్రం గ్లేజు జారి మూత అతుక్కుపోయింది, ఎంత లాగినా రాలేదు. దాన్నీ ప్రదర్శనలో పెట్టారు. అందులో ఏముందని పిల్లలడిగితే, మీ టెక్నీషియన్ని అడగండని నన్ను చూపించేవారు.

రిటైరై వెళ్ళిపోయే రోజు కొత్త గ్లేజులో సగం తీసుకుని, సగం నాకు వదిలారు. నా దగ్గర లేబుల్ కాగితం అడిగి తీసుకుని, థాయిలో ఒక వరస రాసి, ఆ బకెట్‌కి తనే అంటించారు. ఏం రాశారని అడిగాను. చెప్పారు. తరవాత ప్రతి ఏడూ ఇన్‌స్పెక్టర్ వచ్చి, ఆ అక్షరాలు ఒక్కటీ అర్థం కాకపోయినా, లేబుల్ ఉందని టిక్కు పెట్టుకుని వెళ్ళేవాడు.

పోయిన ఏడు నేనూ రిటైరయ్యాను. నా చోట్లోకి వచ్చినావిడ నలభై ఏళ్ళ మనిషి, నాకంటే శుభ్రం. తాళాలిచ్చి, సీసాలు, అరలు, బట్టీలు అన్నీ చూపించి, ఆఖర్న బల్ల కింద బకెట్ చూపించాను. ఎప్పుడూ మూడో వంతు మిగల్చాలని చెప్పాను. ఆవిడ వంగి లేబుల్ చూసి, ఇదేం భాష, ఏం సరుకని రాసుంది అని అడిగింది.

సరుకు పేరేం కాదు, పారబోస్తే ఆ రోజే చెప్పమని రాసుంది అన్నాను.